గల్లాకు రెండు తాళాలు, హాఫిజ్ గారికి ఒక జీతం

మతపరమైన దాతృత్వ సంస్థల్లో పనిచేసేవారి గురించి మాట వచ్చినప్పుడల్లా మా ప్రాంతంలో రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. అల్లా పని చేసేవాణ్ణి లెక్క అడగడం ఏమిటని కొందరు అంటారు. చందా డబ్బు ముట్టేవాణ్ణి ఎంత బిగించి పట్టుకుంటే అంత మంచిదని మరికొందరు అంటారు. నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లో మిర్చి అడ్తి దుకాణాలకు పద్దులు రాయడం నా వృత్తి. ఆ దుకాణాల యజమానుల్లో కొందరు మసీదు కమిటీల్లోనూ ఉండటం వల్ల ఆ కమిటీల లెక్కలు, ఊరి శివారులోని ఒక మద్రసా లెక్కలు కూడా ఏటా సరిచూసి ఆడిటర్ ముందు పెట్టే పని నా మీద పడింది. నేను ముస్లింను కాను. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో దక్కనీ మాట్లాడుతూ పెరిగిన సరిహద్దు మనిషిని. బయటివాడిగా ఉంటూ లోపలి కాగితాలు చూసే అవకాశం కలగడం వల్ల పై రెండు అభిప్రాయాలూ సగం సగమే నిజమని నాకు తోస్తున్నది. అజమాయిషీ వల్ల మనుషుల నిబద్ధత చెడిపోదు; ఆ అజమాయిషీ కిందివాడి దగ్గరే ఆగిపోయి, కమిటీ గది గడప దాటి లోపలికి పోనప్పుడు చెడుతుంది.

లెక్క అడగకూడదనేవారికి ఇస్లామ్‌లో లెక్కకు ఉన్న స్థానం తెలిసినట్టు లేదు. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ (వాక్యం), అంటే రెండవ సూరా (అధ్యాయం)లోని 282వది, అప్పు పత్రం గురించి చెబుతుంది. గడువుతో అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోవాలని, రాసేవాడు న్యాయంగా రాయాలని, సాక్షులను పెట్టుకోవాలని, మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగు పడవద్దని అందులో ఉంది. పద్దులు రాసేవాడిగా ఆ ఆయత్ మీద నాకు కొంత పక్షపాతం ఉండటం సహజమే. ప్రవక్త మాటలు, చేతల ఉల్లేఖనాలైన హదీసుల్లో ఇంతకన్నా సూటిగా ఉండే ఉదంతం ఒకటుంది. అజ్ద్ తెగకు చెందిన ఇబ్నుల్ లుత్బియ్యా అనే వ్యక్తిని ప్రవక్త జకాత్ అనే తప్పనిసరి దానం వసూలుకు పంపారు. అతడు తిరిగి వచ్చి, ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చింది అని వేరు చేసి చూపాడు. తన తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక అతడి దగ్గరకు వచ్చేదా అని ప్రవక్త మింబర్ (ప్రసంగ వేదిక) ఎక్కి అందరూ వినేలా ప్రశ్నించారు. ఆ ప్రశ్నలో ఎవరినీ దొంగ అనలేదు. కానుక మనిషికి వచ్చిందా, అతడు కూర్చున్న పదవికి వచ్చిందా అని మాత్రమే తేల్చారు. నేటి పెద్ద కంపెనీల నియమావళుల్లో పేజీలకు పేజీలు ఆక్రమించే విషయం అక్కడ ఒక్క ప్రశ్నలో ముగిసింది.

అదే సంప్రదాయం వసూలు చేసేవాడికి కూలి కూడా రాసిపెట్టింది. జకాత్ ఎవరెవరికి చెందాలో చెప్పే తొమ్మిదవ సూరా 60వ ఆయత్‌లో ఎనిమిది వర్గాలు ఉంటే, పేదలు, నిరుపేదల తరువాత మూడవ స్థానంలో ఉన్నవారు జకాత్ పనిలో నియమితులైనవారే. అంటే లెక్క చెప్పవలసిన బాధ్యత, కడుపు నిండా తినే హక్కు, రెండూ ఆ మనిషికి ఒకే చోటి నుంచి వచ్చాయి. మన కమిటీలు మొదటిదాన్ని మాత్రం గట్టిగా పట్టుకుని రెండవదాన్ని సవాబ్ (పుణ్యం) ఖాతాలో వేసేస్తుంటాయి.

అసలు ఈ డబ్బు స్వభావమే వేరు. ఒక చాంద్రమాన సంవత్సరం పాటు నిసాబ్‌కు మించి నిలిచిన సంపద మీద నూటికి రెండున్నర వంతు జకాత్ తీయాలి. నిసాబ్ అంటే ఏడున్నర తులాల బంగారం లేదా యాభై రెండున్నర తులాల వెండి. నేటి తూకంలో సుమారు 87.48 గ్రాములు, 612.36 గ్రాములు. వ్యాపారి సరుకుకైతే లెక్క చూసే రోజున ఉన్న బజారు ధర కట్టాలి. ఈ మధ్య కొన్నేళ్లుగా రంజాన్ మాసం మిర్చి సీజన్‌లోనే వస్తున్నందున, గోదాములో బస్తాలు ఉన్న సేఠ్‌లు ఆనాటి యార్డు రేటు నన్నే అడిగి జకాత్ లెక్క వేసుకుంటారు. అలా బయటకు వచ్చిన సొమ్ము పేదవాడి చేతికి, అతడి యాజమాన్యంలోకి చేరితేనే జకాత్ చెల్లినట్టని హనఫీ అనే ధర్మశాస్త్ర సంప్రదాయం చెబుతుంది. దీన్ని తమ్లీక్ అంటారు. కాబట్టి జకాత్ సొమ్ముతో గోడ కట్టకూడదు, చదువు చెప్పే ఉస్తాద్‌కు జీతం ఇవ్వకూడదు, కరెంటు బిల్లు కట్టకూడదు. వాటికి లిల్లాహ్, ఇమ్దాద్ పేరుతో వచ్చే సాధారణ విరాళాలే దిక్కు. ఒక పద్దులో పడవలసింది ఇంకో పద్దులో పడితే మామూలు ట్రస్టులో అది గుమాస్తా పొరపాటు అవుతుంది. ఇక్కడ మాత్రం ఎవరో ముక్కూముఖం తెలియని దాత ఆచరణే చెల్లకుండా పోతుంది. ఈ భయం సంస్థలో పనిచేసేవారందరికీ లోలోపల ఉంటుంది, మంచి అజమాయిషీకి అదే పునాది. కొన్నిచోట్ల ఒక పేద విద్యార్థి చేతికి జకాత్ సొమ్ము ఇచ్చి, అతడు తిరిగి మద్రసాకు దానం చేసినట్టు చూపే హీలా జరుగుతుంది. దాని ధర్మాధర్మాలు తేల్చవలసింది ధర్మశాస్త్ర తీర్పు చెప్పే ముఫ్తీలు. పద్దుల మనిషిగా నేను గమనించింది ఒక్కటే: హీలాకు అలవాటు పడిన సంస్థలో ఖాతాలు వేరువేరుగా రాయడంపై ఎవరికీ శ్రద్ధ మిగలదు.

ఈ వ్యవస్థలో అందరికన్నా ఎక్కువ తనిఖీకి గురయ్యే మనిషి సఫీర్. రంజాన్ నెలలో చందా కోసం ఊళ్లు తిరిగేవాడు అతడే. మా మద్రసా సఫీర్ దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో ఒకసారి హైదరాబాదు వైపు, ఒకసారి ముంబయి వైపు వెళ్లివస్తారు. సంచిలో వరుస నంబర్లున్న రసీదు పుస్తకాలు, పేరున్న ఆలిములు (మత పండితులు) సంతకం చేసిన ధ్రువపత్రం, అంటే తస్దీఖ్‌నామా, మద్రసా ఫొటోలు ఉంటాయి. రసీదు మీద జకాత్, సద్ఖా (స్వచ్ఛంద దానం), ఫిత్రా (ఈద్ నాటి దానం), లిల్లాహ్ అని గళ్లు ఉంటాయి. దాత ఏది అంటే ఆ గడిలో టిక్కు పెట్టి, కార్బన్ కాగితం కింద కాపీ దిగిందో లేదో చూసుకుని, పై కాగితం చించి ఇస్తారు. ఈద్ తరువాత ఆ పుస్తకాలు నా బల్ల మీదకు వస్తాయి. చెమటకు అంచులు మెత్తబడి, నీలి అక్షరాలు పాకి, ఒక్కోచోట ఇఫ్తారీ ఖర్జూరం మరకలతో ఉన్న ఆ కాపీల్లో ప్రతి నంబరూ చూస్తాను. రద్దు చేసిన రసీదైతే పై కాగితం, కాపీ రెండూ కలిసి ఉండాలి. ఆ మనిషి నా ముందు కూర్చుని ఒక్కసారి కూడా చిన్నబుచ్చుకోలేదు. పైగా ఏదైనా నంబరు నేను చూడకుండా తిప్పేస్తే, "అన్నా, గది సూడలే" అని తనే గుర్తు చేస్తారు. రేపు ఎవరైనా వేలెత్తి చూపితే తనకు అండగా నిలిచేది ఆ కాపీయేనని ఆయనకు తెలుసు.

ఆయన నొచ్చుకున్నది ఇంకో విషయంలో. వసూలు పెంచాలంటే సఫీర్‌కు జీతం తీసేసి, తెచ్చిన దానిలో నూటికి ఇంత అని ఇద్దామని ఒక ఏడాది కమిటీలో ప్రస్తావన వచ్చింది. చాలామంది ముఫ్తీలు ఈ పద్ధతిని అంగీకరించరు. కూలి ఎంతో ముందుగా తెలియని ఒప్పందం చెల్లదన్నది వారు చెప్పే ప్రధాన కారణం. ఆమిల్‌కు (జకాత్ వసూలు చేసేవాడికి) ఎనిమిదో వంతుకు మించకూడదని షాఫియీ సంప్రదాయం వారు అంటారు, చేసిన పనిని బట్టి ఇవ్వాలని హనఫీలు అంటారు. ఇస్లామీ ప్రభుత్వం నియమించినవాడే ఆమిల్ గనుక మద్రసా సఫీర్ ఆ కోవలోకే రాడని కొందరి వాదన. ఇవన్నీ కమిటీలో చర్చకు వచ్చాయి. సఫీర్ మాత్రం తన వరకు తాను ఒకే మాట చెప్పారు. కమిషన్ మనిషినని తెలిసిన రోజున మసీదులో నిలబడి చందా ఐలాన్ (ప్రకటన) చేయడానికి తనకు నోరు రాదన్నారు. ప్రస్తావన అక్కడితో ఆగింది. వ్యాపారంలో ప్రోత్సాహకంగా పనిచేసేది ఇక్కడ మనిషి పరువునే తీసేస్తుంది.

ఉద్యోగి నిబద్ధతను మూడు పాళ్లుగా చూసే పద్ధతిని జాన్ మేయర్, నటాలీ ఆలెన్ అనే ఇద్దరు పరిశోధకులు 1991లో ప్రతిపాదించారు. సంస్థ మీద మమకారంతో ఉండటం ఒకటి, ఉండటం తన ధర్మమని భావించి ఉండటం ఇంకొకటి, బయటకు పోతే బతుకుతెరువు లేదని ఉండటం మూడవది. పైనుంచి చూస్తే ముగ్గురూ ఒకేలా రోజూ పనికి వస్తారు. మద్రసా ఉస్తాదులలో ఈ మూడూ కలగలిసి ఉంటాయి. చిన్ననాటి నుంచి హిఫ్జ్ (ఖురాన్ కంఠస్థం చేసి హాఫిజ్ కావడం), ఆలిమ్ చదువులే చదివినవాడికి మా ఊళ్లో ఇంకో కొలువు దొరకడం కష్టం. కమిటీ పెద్దలు ఆ మూడవ పాలును చూసి మొదటి పాలు అనుకుంటారు. "మా హాఫిజ్ సాబ్ ఎక్కడికీ పోడు, అంత ఇఖ్లాస్ (చిత్తశుద్ధి) ఉన్న మనిషి" అని వారు మెచ్చుకుంటుంటే, ఆయన పిల్లల బడి ఫీజు కోసం సాయంత్రాలు ఇళ్లకు వెళ్లి ట్యూషన్లు చెబుతున్న సంగతి నాకు గుర్తుకు వస్తుంది. నేను చూసిన రిజిస్టర్లలో అటువంటి వారి జీతం పది పన్నెండు వేలు దాటడం అరుదు. మహారాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో, మద్రసా పథకం కింద లౌకిక పాఠ్యాంశాలు చెప్పే డీఎడ్ ఉపాధ్యాయుల గౌరవ వేతనాన్ని 6,000 నుంచి 16,000 రూపాయలకు, బీఎడ్ వారిది 8,000 నుంచి 18,000కు పెంచింది. అది మంచి నిర్ణయమే. అయితే ఈ పథకం నడిచే మద్రసాలో లెక్కలు చెప్పే మాస్టరుకూ, ఆ పక్క గదిలోనే ఖురాన్ కంఠస్థం చేయించే ఉస్తాద్‌కూ మధ్య ఎంత అంతరం ఏర్పడుతుందో కమిటీలు ఆలోచించినట్టు కనబడదు. ఇమాములకు వక్ఫ్ (మత, ధర్మ కార్యాలకు అంకితమిచ్చిన ఆస్తుల) బోర్డులు వేతనం ఇవ్వాలని సుప్రీంకోర్టు 1993లోనే చెప్పినా, మా మొహల్లాల్లో ఇమామ్ జీతం ఇప్పటికీ ఇంటింటి నెలవారీ చందా మీదే నడుస్తున్నది.

ఇక్కడ ఒక వేలిముద్ర యంత్రం సంగతి చెప్పాలి. కొత్తగా వచ్చిన సెక్రెటరీ గారు వ్యాపారంలో క్రమశిక్షణకు పేరున్న మనిషి. ఉస్తాదులు సమయానికి వస్తున్నారో లేదో తెలియాలని యంత్రం పెట్టించి, ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు వరకు అని సమయం నిర్ణయించారు. హిఫ్జ్ తరగతి సంగతి తెలిసినవారు ఇది వినగానే నవ్వుతారు. పిల్లవాడు కొత్త సబఖ్ (పాఠం) అప్పగించేది ఫజ్ర్ (తెల్లవారుజాము) నమాజుకు అటూ ఇటూగా, మెదడు తేటగా ఉన్న వేళ. ఆ తరువాత ఇటీవలి పాఠాలు, మధ్యాహ్నం మీదుగా పాత పారాల (ఖురాన్ భాగాల) వల్లెవేత ఉంటాయి. మగ్రిబ్ (సూర్యాస్తమయం) నమాజు తరువాత మరునాటి పాఠం సిద్ధం చేయించాలి. తెల్లవారుజామున మూడు గంటలు పని చేసి, టీ తాగి వచ్చేసరికి ఎనిమిది దాటిన ఉస్తాద్ పేరు ఎదుట యంత్రం ఆలస్యం అని రాసింది. జీతం కోయలేదు గాని నెలాఖరున కాగితం చదివి వినిపించారు. కొన్నాళ్లకు ఉదయపు సబఖ్‌లు పలచబడ్డాయి. ఎందుకని నేను అడిగితే ఒక ఉస్తాద్ మెల్లగా చెప్పారు: "అన్నా, మిషిన్ ఎనిమిదింటికి రమ్మన్నది, ఎనిమిదింటికే వస్తున్న. సుబహ్ పూట పని దాని లెక్కల లేదు గద."

విచిత్రమేమిటంటే, కావలసిన అజమాయిషీ అంతకు ముందే అక్కడ ఉంది. ప్రతి పిల్లవాడికీ ఒక రోజువారీ డైరీ ఉంటుంది. ఏ పారా, ఏ పేజీ, ఎన్ని తప్పులు, ఎన్నిచోట్ల తడబడ్డాడు అని ఉస్తాద్ అందులో ఏ రోజుకారోజు రాసి సంతకం చేస్తారు. ఒక మనిషి పని ఫలితాన్ని ఇంత నిక్కచ్చిగా రోజువారీగా కొలిచే రికార్డు మిర్చి యార్డులో ఏ కంపెనీ దగ్గరా నేను చూడలేదు. కమిటీవారు దాన్ని ఏనాడూ తెప్పించుకోలేదు, ఎందుకంటే అందులో ఉన్నది చదివి అర్థం చేసుకోగలవారు కమిటీలో లేరు. తమకు చదవడం వచ్చిన కాగితాన్నే వారు అజమాయిషీగా ఎంచుకున్నారు. చివరకు పక్క ఊరి మద్రసా నుంచి ఖురాన్ పఠనంలో నిపుణుడైన ఒక పెద్ద ఖారీ గారిని మూడు నెలలకొకసారి పిలిపించి, డైరీ చూస్తూ పిల్లలతో చదివించి పరీక్షించే ఏర్పాటు చేశారు. ఆయన తప్పు పడితే ఉస్తాదులు తలవంచి వింటారు. తమ పని తెలిసినవాడి చేత తనిఖీకి గురి కావడాన్ని వారు గౌరవంగానే భావించారు. యంత్రం ఇప్పుడు గోడ మీద ఉంది గాని దానికి కరెంటు లేదు.

కిందివారి సంగతి ఇంత వివరంగా నడుస్తుంటే, పైన ఏం జరుగుతున్నది? చట్టం ప్రకారం పైవారికి అజమాయిషీ తక్కువేమీ కాదు. వక్ఫ్ ఆస్తి అయితే దాని నిర్వాహకుడైన ముతవల్లీ మార్చి 31తో ముగిసిన ఏడాది లెక్కలను జులై 1లోగా బోర్డుకు పంపాలి. వక్ఫ్ చట్టానికి 2025లో జరిగిన సవరణ తరువాత నికర వార్షికాదాయం లక్ష రూపాయలు దాటిన సంస్థలకు ఆడిట్ తప్పనిసరి. బోర్డుకు కట్టవలసిన వాటా ఏడు శాతం నుంచి అయిదు శాతానికి తగ్గింది. ట్రస్టుగా నమోదైతే 1950 నాటి పబ్లిక్ ట్రస్టుల చట్టం కింద చారిటీ కమిషనర్‌కు లెక్క చెప్పాలి. ముస్లింలు పెట్టిన ప్రతి ట్రస్టూ వక్ఫ్ కాదని సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో మహారాష్ట్ర వక్ఫ్ బోర్డు కేసులోనే తేల్చేదాకా, ఏ ఆఫీసుకు కాగితాలు పంపాలో తెలియని సంస్థలు మా రాష్ట్రంలో చాలా ఉండేవి. ఇద్దరికీ పంపినవారు కొందరైతే, ఇద్దరికీ ఎగ్గొట్టినవారు కొందరు.

చట్టానికి లెక్క అప్పజెప్పడం ఒకటి, తన దగ్గర పనిచేసే హాఫిజ్‌కు లెక్క కనబడటం మరొకటి. ఇండోనేసియాలో ఆక్సి చెపత్ తంగప్ అనే పెద్ద ముస్లిం సహాయ సంస్థ ఉండేది. విరాళాల్లో నిర్వహణ ఖర్చుకు పది శాతం మించి తీసుకోకూడదని నిబంధన ఉంటే ఆ సంస్థ సగటున 13.7 శాతం తీసుకుంటున్నదని, పై అధికారులకు భారీ జీతాలు, ఖరీదైన కార్లు ఉన్నాయని బయటపడి 2022 జులైలో ప్రభుత్వం దాని అనుమతిని రద్దు చేసింది. మా ఊరి కమిటీలకు ఆ స్థాయి లేదు. అయినా ఉస్తాద్ ప్రయాణ ఖర్చుకు బస్సు టికెట్ జతచేయమని అడిగే చోట, కమిటీ సదర్ (అధ్యక్షుడు) గారు నాందేడ్ వెళ్లివచ్చిన కారు ఖర్చు ఒక తెల్లకాగితం మీద మొత్తంగా వస్తే, ఆ కాగితాన్ని అందరికన్నా ముందు చూసేది ఆఫీసులో కూర్చునే ఆ ఉస్తాదే. ఆయన ఏమీ అనరు. తరువాతి నెల నుంచి ఆయన టికెట్లు కూడా తెల్లకాగితాలవుతాయి.

దీనికి ఎదురు వాదన ఉంది, దాన్ని తేలికగా తీసివేయలేను. 1866లో మొదలైన దేవబంద్ దారుల్ ఉలూమ్‌కు మౌలానా ఖాసిమ్ నానౌతవీ ఎనిమిది సూత్రాలు రాసిపెట్టారు. మద్రసాకు స్థిరమైన ఆదాయం లేనంతకాలం అల్లా మీద భరోసాతో అది నడుస్తుందని, జాగీరో కర్మాగారమో చేతికి వస్తే ఆ భయమూ ఆశా పోయి పనిచేసేవారి మధ్య కలహాలు పుడతాయని అందులో ఉంది. లేమి మనుషులను కలిపి ఉంచుతుందన్న ఆ పరిశీలనలో లోతు ఉంది. దుకాణాల అద్దెలు బాగా వచ్చే వక్ఫ్‌లలో తగాదాలు ఎక్కువన్న సంగతి మరాఠ్వాడాలో ఎవరిని అడిగినా చెబుతారు. కానీ ఆ సూత్రం సంస్థ మొత్తానికి వర్తించే లేమిని ఉద్దేశించినది. కమిటీ సభ్యులకు ఎవరి దుకాణాలు వారికి ఉండి, ఉస్తాద్ ఒక్కడే తవక్కుల్ (దేవుడి మీద భరోసా) మీద బతకాలంటే అది ఆ సూత్రం చెప్పిన మాట అని నేను అనుకోను.

మా వీధి మసీదులో ఒక నల్లబల్ల ఉంది. జుమా నమాజు తరువాత గల్లా పెట్టెను ఇద్దరు తెరుస్తారు. ఒక తాళంచెవి ఖాజిన్ (కోశాధికారి) దగ్గర, ఇంకొకటి కమిటీలో లేని ఒక నమాజీ దగ్గర ఉంటుంది. చాప మీద పోసి, నాణేలు పది పదిగా పేర్చి లెక్కించి, అక్కడికక్కడే బల్ల మీద ఆమద్ (రాబడి), ఖర్చ్ అని రెండు వరుసలు రాస్తారు. ఏడాది కిందట ఖర్చు వరుసలో కమిటీవారి ప్రయాణాలు, చాయ్ నాస్తా విడిగా రాయడం మొదలుపెట్టారు. మొదట్లో సణుగుడు వినిపించింది. ఆ మొత్తం మాత్రం తగ్గింది. అజాన్ ఇచ్చే మౌజన్ గారి జీతం ఆలస్యమైన నెలలో ఆ బల్ల మీద బాకీ అని పడుతున్నది, దానితో ఎవరో ఒకరు జేబులో చేయి పెడుతున్నారు. మద్రసా కమిటీలోనూ ఇటువంటి బల్ల పెట్టాలని ఖాజిన్ సాబ్, నేను అడుగుతూనే ఉన్నాం. జీతాలు మాత్రం ప్రతి నెలా అయిదవ తేదీలోగా బ్యాంకు ఖాతాల్లో వేయాలన్న తీర్మానం వరకు వచ్చింది.

ఇప్పుడు మా ఇద్దరికీ తలనొప్పిగా ఉన్నది క్యూఆర్ కోడ్. డబ్బు నేరుగా సంస్థ ఖాతాలో పడుతుంది కనుక మధ్యలో ఎవరూ ముట్టుకునే వీలు లేదని అందరూ సంతోషించారు. కానీ రసీదు మీద ఉండే ఆ నాలుగు గళ్లు ఫోన్‌లో లేవు. అయిదువందలు వచ్చాయి, అవి జకాతో లిల్లాహో పంపినవారికి తప్ప ఎవరికీ తెలియదు. ఒక్కోసారి ఫోన్ చేసి అడుగుతాం, ఒక్కోసారి ఆ నంబరే కలవదు. తేలని సొమ్మును జకాత్ కిందే లెక్కించి పేద విద్యార్థులకే ఖర్చు పెట్టండని ముఫ్తీ సాబ్ చెప్పారు, జాగ్రత్త కోసం. దానివల్ల జీతాల పద్దుకు కొరత పడుతున్నది. రెండు బ్యాంకు ఖాతాలు తెరిచి, జకాత్‌కు ఆకుపచ్చ కార్డు, లిల్లాహ్‌కు తెల్ల కార్డు అచ్చువేయించి మసీదు గుమ్మానికి అటొకటి ఇటొకటి కట్టాం. జనం చెప్పులు విడిచిన వైపు ఏది ఉంటే దాన్నే స్కాన్ చేస్తున్నారు. పక్కన ఒక విద్యార్థిని నిలబెట్టి అడిగించి చూద్దామని ఖాజిన్ సాబ్ అంటున్నారు. నేను మాత్రం కార్డుల మీద తెలుగులో, మరాఠీలో, ఉర్దూలో పెద్ద అక్షరాలు వేయించమంటున్నాను.